ఆర్‌సీ విమానానికి టిల్ట్ సెన్సర్: బల్ల మీద నిజం చెప్పేది గాలిలో ఎందుకు తప్పుతుంది?

రేడియో కంట్రోల్ విమానాన్ని గాలిలో నిలకడగా ఉంచే పరికరాన్ని సొంతంగా తయారుచేసుకోవాలనుకునే వారికి మొదట తట్టే ఆలోచన చాలా సూటిగా ఉంటుంది. విమానం ఎటు ఒరిగిందో చెప్పే సెన్సర్ ఒకటి కొని, దానికి ఎదురుగా ఎయిలరాన్లను (విమానాన్ని పక్కలకు ఒరిగించే, రెక్కల వెనక అంచు పలకలను) కదిలించేలా చిన్న మైక్రోకంట్రోలర్‌లో ప్రోగ్రామ్ రాస్తే పని పూర్తవుతుందనిపిస్తుంది. విడిభాగాలు అమ్మేచోట ‘టిల్ట్ సెన్సర్’ అని వెతికితే రకరకాలవి దొరుకుతాయి కూడా. బల్ల మీద పెట్టి చేత్తో వంచి చూసినంతసేపూ అవన్నీ సక్రమంగానే పనిచేస్తాయి. విమానం మలుపు తిరగడం మొదలుపెట్టగానే మాత్రం వాటిలో చాలా భాగం తప్పు చెబుతాయి. ఆ తప్పు నాసిరకం సరుకు వల్ల వచ్చేది కాదు, ఎక్కువ ఖరీదు పెట్టినంత మాత్రాన పోయేదీ కాదు. అందుకే ఏ మోడల్ కొనాలో తేల్చుకునే ముందు, ఏ సెన్సర్ దేన్ని ఆధారం చేసుకుని ‘వంపు’ అంటోందో చూడాలి.

కిందికి అంటే ఎటు?

పాతకాలపు పాదరసం స్విచ్, చిన్న లోహపు గుండు దొర్లే బాల్ స్విచ్, లోలకానికి పొటెన్షియోమీటర్ బిగించిన ఏర్పాటు, గాజు గొట్టంలో ద్రవం ఉండే ఎలక్ట్రోలైటిక్ సెన్సర్, సిలికాన్ చిప్‌లో ఇమిడిన యాక్సిలరోమీటర్ – ఇవన్నీ చూడటానికి వేర్వేరుగా ఉన్నా పనిచేసే సూత్రం ఒక్కటే. లోపల ఉన్న బరువు ఎటు లాగబడుతోందో గమనించి, అటువైపే నేల ఉందని చెబుతాయి. నిశ్చలంగా ఉన్న వస్తువు విషయంలో ఇది నిజం. కదులుతూ వేగాన్నో దిశనో మార్చుకుంటున్న వస్తువు విషయంలో, ఆ బరువు మీద గురుత్వ ప్రభావంతో పాటు త్వరణ ప్రభావమూ కలిసి పడుతుంది. రెండింటినీ విడదీసి చూపించే ఉపాయం ఆ సెన్సర్‌కు లేదు. దానికి తెలిసేది రెండూ కలిసిన మొత్తం మాత్రమే.

విమానం సరైన మలుపు తిరుగుతున్నప్పుడు ఏం జరుగుతుందో అంకెల్లో చూద్దాం. సెకనుకు 15 మీటర్ల వేగంతో పోతున్న విమానం 45 డిగ్రీలు ఒరిగి, ఎత్తు కోల్పోకుండా తిరుగుతోందనుకుంటే, దాని వృత్త వ్యాసార్థం దాదాపు 23 మీటర్లు ఉంటుంది. ఒక చుట్టు పూర్తి కావడానికి 10 సెకన్ల లోపే పడుతుంది. ఆ వృత్తంలో అపకేంద్ర ప్రభావం సరిగ్గా గురుత్వంతో సమానమవుతుంది. రెండూ కలిసిన బలం విమానం పొట్ట వైపుకు, రెక్కలకు లంబంగా, మామూలు కంటే 1.41 రెట్లు ఎక్కువగా పనిచేస్తుంది. లోపలి సెన్సర్‌కు బరువు నేరుగా పొట్ట వైపే లాగినట్టు తెలుస్తుంది కనుక, 45 డిగ్రీలు ఒరిగి ఉన్న విమానాన్ని అది నిటారుగా, అంటే రెక్కలు సమంగా, ఉన్నట్టే లెక్కగడుతుంది. 60 డిగ్రీలు ఒరిగిన మలుపులో భారం రెండు రెట్లవుతుంది. వంపు రీడింగ్ మాత్రం అప్పుడూ సున్నాయే.

పెద్ద విమానాల కాక్‌పిట్‌లో ఇందుకు చక్కని సాక్ష్యం ఉంది. వంపు తిరిగిన గాజు గొట్టంలో, ద్రవంలో నల్లటి బంతి ఒకటి కదులుతూ ఉంటుంది. అది అచ్చంగా టిల్ట్ సెన్సరే, కానీ పైలట్లు దాన్ని విమానం వంపు తెలుసుకోవడానికి చూడరు. మలుపు ఎంత వాలుగా ఉన్నా, అది సరిగ్గా సాగుతున్నంతసేపూ ఆ బంతి మధ్యలోనే నిలుస్తుంది. రడ్డర్ (తోక మీది నిలువు పలక) ఎక్కువో తక్కువో అయి విమానం పక్కకు జారుతుంటేనే కదులుతుంది. మబ్బుల్లో దిగంతం కనిపించని పైలట్ తన శరీరం చెప్పేదాన్ని నమ్మి, మెలికలు తిరుగుతూ నేలకు దిగిపోయే ప్రమాదాలకూ ఇదే కారణం. లోపలి చెవికి, లోలకానికి ఉన్న పరిమితి ఒకటే. అందుకే లారెన్స్ స్పెర్రీ 1914లో పారిస్ దగ్గర, పైలట్ చేతులెత్తేసినా నిలకడగా ఎగిరే విమానాన్ని ప్రదర్శించినప్పుడు, దానికి ఆధారం లోలకం కాదు, గిర్రున తిరిగే గైరోస్కోప్.

మలుపుల్లోనే కాదు, సూటిగా పోతూ వేగం పెంచినా ఇదే చిక్కు. గురుత్వంలో 0.3 వంతు త్వరణంతో విమానం ముందుకు దూకితే, యాక్సిలరోమీటర్ ఒక్కదాన్నే నమ్మిన పరికరం ముక్కు దాదాపు 17 డిగ్రీలు పైకి లేచిందనుకుని, దాన్ని కిందికి నొక్కుతుంది. టేకాఫ్ సమయంలో, అదీ చేత్తో విసిరిన విమానంలో, ఇంతకంటే చెడ్డ సలహా మరొకటి ఉండదు.

ఇక పాదరసం, గుండు స్విచ్‌లను ఇక్కడితో పక్కన పెట్టేయవచ్చు. అవి ఒరిగిందా లేదా అన్నంత వరకే చెబుతాయి, ఎంత ఒరిగిందో చెప్పవు. పైగా ఇంజన్ కంపనానికి లోపలి గుండు ఎగిరెగిరి పడుతుంది. ఎలక్ట్రోలైటిక్ సెన్సర్లు యంత్రాలను, కట్టడాలను మట్టం చూడటానికి ఎంతో కచ్చితమైనవే. అయితే లోపలి ద్రవం సర్దుకునేలోగా చిన్న విమానం ఇంకో వైపుకు ఒరిగిపోయి ఉంటుంది.

ఆకాశాన్ని చూసే మార్గం

గురుత్వాన్ని అసలు అడగకుండానే దిగంతాన్ని కనిపెట్టే ఉపాయం ఒకటి కొంతకాలం బాగా నడిచింది. స్పష్టమైన ఆకాశం నేల కంటే చాలా చల్లగా ఉంటుంది, ఆ తేడా పరారుణ కిరణాల్లో తెలుస్తుంది. విమానానికి ఎడమ, కుడి వైపుల చూసేలా పరారుణ వేడిని కొలిచే రెండు థర్మోపైల్ సెన్సర్లు బిగిస్తే, ఒరిగినప్పుడు ఒకటి నేలను, మరొకటి ఆకాశాన్ని ఎక్కువగా చూస్తాయి. వాటి మధ్య తేడాయే వంపుకు కొలత. ముందుకు, వెనక్కు మరో జత పెడితే ముక్కు ఎంత లేచిందో తెలుస్తుంది. అభిరుచి విమానాల కోసం అమ్మిన ‘కో-పైలట్’ పరికరం ఈ సూత్రం మీదే పనిచేసింది. విమానాన్ని తనంతట తాను ఎగిరేలా చేసే ఆటోపైలట్ సాఫ్ట్‌వేర్లలో, ఫ్రాన్స్‌లో 2003లో మొదలైన పాపరాజీ ప్రాజెక్టు, తొలినాటి ఆర్డూపైలట్ కూడా దీన్నే వాడుకున్నాయి.

మలుపుల వల్ల గానీ త్వరణాల వల్ల గానీ ఈ పద్ధతికి ఏ ఇబ్బందీ లేదు, ఎంతసేపు ఎగిరినా లెక్క పక్కకు జరగదు. ఇబ్బందంతా వాతావరణంతోనే. పొగమంచు కమ్మినా, మబ్బు కిందికి దిగినా నేలకూ ఆకాశానికీ తేడా కరిగిపోతుంది. కొండ పక్కన ఎగిరితే ఆ కొండే దిగంతమవుతుంది. ఎగిరే ముందు ఆనాటి ఉష్ణోగ్రత తేడాకు సరిచూసుకోవడమూ తప్పదు. చౌకైన గైరోలు వచ్చాక ఇది వాడుకలోంచి దాదాపుగా తప్పుకుంది. నా ఉద్దేశంలో ఆ ఆలోచన మాత్రం తర్వాత వచ్చిన చాలా పరిష్కారాల కంటే నిజాయితీ గలది, ఎందుకంటే అది కొలవాల్సిన దిగంతాన్నే నేరుగా చూసింది.

గైరో చేసే పని, చేయలేని పని

నేటి చిప్ గైరో కోణాన్ని కొలవదు. విమానం ప్రతి అక్షం చుట్టూ సెకనుకు ఎన్ని డిగ్రీల చొప్పున తిరుగుతోందో కొలుస్తుంది. ఆ వేగాన్ని క్షణక్షణమూ కూడుకుంటూ పోతే కోణం వస్తుంది. అపకేంద్ర బలం దీన్ని మోసం చేయలేదు. అయితే కదలకుండా ఉన్నప్పుడు సున్నా చూపించాల్సిన చోట గైరో ఎప్పుడూ ఏదో ఒక చిన్న అంకె చూపిస్తుంది; దాన్నే బయాస్ అంటారు. సెకనుకు అర డిగ్రీ బయాస్ మిగిలిపోయినా, కూడిక వల్ల అది నిమిషంలో 30 డిగ్రీలవుతుంది. విమానం నిటారుగా ఎగురుతున్నా పరికరం దాన్ని 30 డిగ్రీలు ఒరిగించి ‘సరిచేస్తుంది’.

గైరో కొద్ది సెకన్లపాటు నమ్మదగినది, యాక్సిలరోమీటర్ చాలాసేపటి సగటులో నమ్మదగినది. రెండింటినీ కలపడమే నేటి పద్ధతి. అందులో అతి సులువైనది కాంప్లిమెంటరీ ఫిల్టర్: పాత కోణానికి గైరో చెప్పిన మార్పును కలిపి, దానికి 0.98 వంతు విలువనిచ్చి, యాక్సిలరోమీటర్ చెప్పిన కోణానికి మిగిలిన 0.02 వంతు ఇస్తారు. ఈ 0.98, 0.02 అంకెలు ఎక్కడ చూసినా కనిపిస్తాయి. సెకనుకు 100 సార్లు ఈ లెక్క జరిగితే, దాదాపు అర సెకనులోనే ఫలితం యాక్సిలరోమీటర్ వైపుకు గణనీయంగా లాగబడుతుంది. రెండు చక్రాల మీద నిలబడే బొమ్మ రోబోకు అది చాలు. పది సెకన్లపాటు మలుపులో ఉండే విమానానికి మాత్రం ఆ అంకెలు పనికిరావు. మలుపు పూర్తయ్యేలోగానే పరికరం తాను నిటారుగా ఉన్నానని నమ్మేస్తుంది.

అయితే ఆ కాలాన్ని అర సెకను నుంచి పది సెకన్లకో ముప్పయి సెకన్లకో పెంచితే సరిపోతుందా? ఇక్కడే సెన్సర్ నాణ్యత రంగంలోకి వస్తుంది. ఇలాంటి ఫిల్టర్‌లో స్థిరంగా మిగిలే దోషం, గైరో బయాస్‌ను ఆ కాలంతో హెచ్చిస్తే వచ్చేదానికి దాదాపు సమానం. సెకనుకు అర డిగ్రీ బయాస్ ఉన్న గైరోతో అర సెకను కాలం పెట్టుకుంటే పావు డిగ్రీ తప్పు వస్తుంది, పది సెకన్లు పెట్టుకుంటే అది 5 డిగ్రీలవుతుంది. అంటే గైరో ఎంత స్థిరంగా ఉంటే యాక్సిలరోమీటర్ మాటను అంత ఎక్కువసేపు పెడచెవిన పెట్టవచ్చు. మంచి గైరోకు డబ్బు పెట్టడమంటే ఈ సమయాన్ని కొనుక్కోవడమే. రాబర్ట్ మహోనీ, సెబాస్టియన్ మాడ్జ్‌విక్ పేర్లతో ప్రసిద్ధమైన ఫిల్టర్లు, కాల్మన్ ఫిల్టర్ రూపాలు ఎగురుతుండగానే బయాస్‌ను అంచనా వేసి తీసివేయగలవు. వాటి వల్ల మామూలు చిప్‌తో కూడా ఈ బేరం చాలా మెరుగవుతుంది.

మలుపు దోషాన్ని మూలంలోనే తుడిచేసే దారి కూడా ఉంది. విమానం వేగాన్ని అది దిశ మార్చుకునే రేటుతో హెచ్చిస్తే అపకేంద్ర త్వరణం ఎంతో తెలిసిపోతుంది. మన ఉదాహరణలో సెకనుకు 15 మీటర్లను సెకనుకు 37.5 డిగ్రీలతో, అంటే 0.654 రేడియన్లతో హెచ్చిస్తే 9.8 వస్తుంది, అది సరిగ్గా గురుత్వమంత. దాన్ని యాక్సిలరోమీటర్ రీడింగ్‌లోంచి తీసివేస్తే నేల ఎటు ఉందో బయటపడుతుంది. వేగాన్ని జీపీఎస్ గానీ, ఎదురుగాలి ఒత్తిడిని బట్టి వేగం కొలిచే పిటాట్ గొట్టం గానీ ఇస్తుంది. ఆర్డూపైలట్ వంటి సాఫ్ట్‌వేర్‌లో జీపీఎస్ దారి చూపడానికి మాత్రమే కాక, విమానం వంపు తేల్చడానికీ అక్కరకొచ్చేది ఇందుకే.

జీపీఎస్ లేని వారు చేసే మరో ఏర్పాటు, యాక్సిలరోమీటర్ మొత్తం రీడింగ్ ఒక ‘జి’కి (మామూలు గురుత్వానికి) దూరంగా ఉన్నప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం. అది మంచిదే గానీ, దాని మీద అతిగా ఆధారపడకూడదు. 10 శాతం తేడా వరకు అనుమతిస్తే, 25 డిగ్రీల లోపు మలుపులన్నీ ఆ జల్లెడలోంచి జారిపోతాయి. అభిరుచి విమానాలు ఎక్కువసేపు తిరిగేవి అలాంటి మెత్తని మలుపులే.

అసలు కోణం కావాలా?

చిప్ ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినది మరొకటి ఉంది. గాలి కుదుపులకు విమానం ఊగకుండా ఉంటే చాలనుకునే వారికి కోణంతో పనే లేదు, గైరో చెప్పే తిరుగుడు వేగం ఒక్కటి చాలు. పైలట్ అడగని తిరుగుడు కనిపించినప్పుడల్లా దానికి ఎదురుగా సర్వోను (పలకలను కదిపే చిన్న మోటారును) కొద్దిగా కదిలిస్తే విమానం బరువైనదానిలా, నింపాదిగా ఎగురుతుంది. స్పెక్ట్రమ్ సంస్థ ఏఎస్3ఎక్స్ వ్యవస్థ ఈ తరహాదే. కూడిక లేదు కనుక డ్రిఫ్ట్ (లెక్క పక్కకు జరగడం) లేదు, మలుపుల్లో అయోమయం లేదు, విమానాన్ని తలకిందులుగా ఎగరేసినా అడ్డుపడదు. రిమోట్ మీది కర్రలు (స్టిక్స్) వదిలేస్తే విమానం తనంతట తానే నిటారు కావాలనుకుంటే మాత్రం కోణం కావాలి. ఎగరడం కొత్తగా నేర్చుకునే వారికి, కెమెరా చూస్తూ దూరంగా ఎగరేసే వారికి ఆ అవసరం నిజంగానే ఉంటుంది. తక్కిన వారిలో చాలామందికి, రెక్కలు కాస్త పైకి వాలి ఉండే ట్రైనర్ విమానాల్లో ముఖ్యంగా, మొదటి రకమే సరిపోతుందని నా అభిప్రాయం. విమానం ఆకృతి ఇచ్చే స్థిరత్వం ఎటూ ఉంది, దాని మీద గైరో ఒక పూత లాంటిది.

డేటాషీట్‌లో చూడాల్సినవి

మొదట గైరో పరిధి. చురుకైన విమానం సెకనుకు 360 డిగ్రీలకు పైగా సులువుగా దొర్లుతుంది. సెకనుకు ±250 డిగ్రీల పరిధిలో పెట్టిన గైరో, 400 డిగ్రీల వేగంతో దొర్లిన అర సెకనులో 75 డిగ్రీల తిరుగుడును అసలు చూడనే చూడదు. ఆ లోటు కోణం లెక్కలో అలాగే ఉండిపోతుంది. సున్నితత్వం పోతుందన్న భయంతో తక్కువ పరిధి ఎంచుకోవడం తరచుగా కనిపిస్తుంది, కానీ 16 బిట్ల చిప్‌లో ±2000 పరిధి పెట్టినా ఒక మెట్టు సెకనుకు 0.06 డిగ్రీలే. చిప్ లోపలి రొద కూడా ఇంచుమించు అంతే ఉంటుంది కనుక పోయేదేమీ లేదు. యాక్సిలరోమీటర్ విషయంలోనూ ±2 జి ఆకర్షణీయంగా కనిపిస్తుంది. అయితే 60 డిగ్రీల మలుపు ఒక్కటే 2 జి అడుగుతుంది, దానికి కంపనం తోడైతే పైకొనలు తెగిపోతాయి. రెండు వైపులా సమానంగా తెగకపోతే సగటు కూడా తప్పుతుంది. ±8 గానీ ±16 గానీ పెట్టుకోవడమే మేలు.

రెండవది, నిజానికి అన్నిటికంటే ఎక్కువ చేటు చేసేది కంపనం. నిమిషానికి 9,060 చుట్లు తిరిగే ప్రొపెల్లర్ సరిగ్గా బ్యాలెన్స్ కాకపోతే సెకనుకు 151 సార్లు విమానాన్ని వణికిస్తుంది. సెన్సర్‌ను సెకనుకు 50 సార్లే చదివితే, ఆ వణుకు రీడింగుల్లో సెకనుకు ఒకసారి మెల్లగా అటూ ఇటూ ఊగే వంపులా కనిపిస్తుంది. ఒకసారి అలా మారువేషం వేసుకుని లోపలికి వచ్చిన అంకెను ఏ ఫిల్టరూ నిజమైన ఊగిసలాట నుంచి వేరు చేయలేదు. అందుకే చిప్‌ను సెకనుకు కనీసం వెయ్యిసార్లు చదివి, చదివే ముందే వేగంగా మారే అంకెలను అణచే దాని లోపలి లో-పాస్ ఫిల్టర్‌తో కంపనాన్ని తగ్గించి, ఆ తర్వాతే నెమ్మదైన లెక్కలకు ఇవ్వాలి. చిప్‌కూ మైక్రోకంట్రోలర్‌కూ మధ్య అంకెలు రెండు పద్ధతుల్లో పోతాయి: ఎస్‌పీఐ, ఐ2సీ. వేగంగా చదవడానికి ఎస్‌పీఐ తీగలున్న చిప్ అనుకూలం. ఐ2సీ మీద కూడా నడుస్తుంది గానీ, మోటారు తీగల పక్కన పొడవైన ఐ2సీ తీగలు లాగితే రీడింగ్ మధ్యలో స్తంభించిపోయే ప్రమాదం ఉంది.

ఉష్ణోగ్రతతో బయాస్ ఎంత మారుతుందో చెప్పే వరుసను చాలామంది దాటేస్తారు. గైరో, యాక్సిలరోమీటర్ రెండూ ఉన్న ఎంపీయూ-6050 అనే చిప్ డేటాషీట్ ప్రకారం కొత్త చిప్‌లో సున్నా దోషం సెకనుకు ±20 డిగ్రీల దాకా ఉండవచ్చు. కంగారు పడనవసరం లేదు, బ్యాటరీ కలిపాక విమానాన్ని కొన్ని సెకన్లు కదలకుండా ఉంచితే ప్రోగ్రామ్ దాన్ని కొలిచి తీసేస్తుంది. ఆ తర్వాత చిప్ వేడెక్కో చల్లబడో మారే భాగమే మిగులుతుంది. నీడలో క్యాలిబ్రేట్ చేసి ఎండలోకి తీసుకెళ్లిన విమానం కాసేపటికి ఒక పక్కకు లాగడం మొదలుపెడితే ముందుగా అనుమానించాల్సింది దీన్నే.

మోడళ్ల విషయానికొస్తే, నేర్చుకోవడానికి ఎంపీయూ-6050 ఇప్పటికీ చాలు. అయితే ఆ పేరుతో నకిలీలు విస్తారంగా తిరుగుతున్నాయి. చిప్ తన గుర్తింపు అంకె చెప్పే హూ-యామ్-ఐ రిజిస్టర్‌ను చదివితే అసలు చిప్ హెక్సాలో 68 అని జవాబిస్తుంది, మరో అంకె వస్తే అది వేరే చిప్ అన్నమాట. ఐసీఎమ్-42688-పీ, బీఎమ్ఐ270 నేటి ఫ్లైట్ కంట్రోలర్లలో విరివిగా కనిపిస్తాయి. ఇంధనపు ఇంజన్ ఉన్న విమానానికి ±24 జి దాకా కొలిచే బీఎమ్ఐ088 తగినది. బీఎన్ఓ055 కోణాన్ని తానే లెక్కగట్టి ఇస్తుంది కనుక సులువనిపిస్తుంది గానీ, దాని లోపలి లెక్కకు విమానం వేగం చెప్పే దారి లేదు. మనం ఇంతసేపు మాట్లాడుకున్న మలుపు దోషం అందులో అలాగే ఉంటుంది. దిక్సూచి సెన్సర్ రోల్ (పక్కలకు ఒరగడం), పిచ్ (ముక్కు లేవడం, దిగడం) నిలకడకు అక్కర్లేదు, మోటారు కరెంటుకు అది ఎటూ తడబడుతుంది.

బిగించాక

సెన్సర్ విమానం గరిమనాభి దగ్గర, అక్షాలకు సమాంతరంగా ఉండాలి. మెత్తని ఫోమ్ టేపు మీద అంటించడం మామూలే, అయితే రెండు మూడు గ్రాముల బోర్డుకు ఫోమ్ ఒక్కటే చాలదు. అంత తేలికైనది ఫోమ్‌ను నొక్కలేక, ఫ్రేముతో పాటే వణుకుతుంది. అడుగున చిన్న బరువు కలపడం, బిగుతైన తీగల బదులు మెత్తని సన్న తీగలు వాడటం ఎక్కువ ఫలితమిస్తాయి. అంతకన్నా ముందు ప్రొపెల్లర్‌ను బ్యాలెన్స్ చేయాలి. ఆర్డూపైలట్ వాడేవారు లాగ్‌లో వైబ్రేషన్ అంకెలు చూడవచ్చు: 30 లోపు సాధారణంగా ఫరవాలేదు, 60 దాటితే ఇబ్బంది దాదాపు ఖాయం.

నేల మీద, విమానాన్ని కుడికి ఒరిగిస్తే కుడి ఎయిలరాన్ కిందికి, ఎడమది పైకి కదలాలి. ముక్కు కిందికి వంచితే ఎలివేటర్ (తోక మీది అడ్డ పలక) పైకి లేవాలి. తర్వాత మోటారు పూర్తి వేగంతో నడిపి, విమానాన్ని కదలకుండా పట్టించి, కోణం రీడింగ్ ఎటైనా పాకుతోందో చూడాలి. పాకితే అది కంపనమే. చివరి పరీక్ష గాలిలో చేయాలి. తగినంత ఎత్తులో ఒకే వైపుకు మూడు నాలుగు చుట్లు నిదానంగా తిప్పి, కర్రలు వదలాలి. విమానం రెక్కలు సమం చేసుకోకుండా, తిరిగిన వైపుకే కొంత ఒరిగి ఆగితే, ఫిల్టర్ ఇంకా యాక్సిలరోమీటర్‌ను ఎక్కువగా నమ్ముతోందని అర్థం. దాని వంతును సగానికి తగ్గించి, అవే చుట్లు రెండో వైపుకు తిప్పి చూడాలి. తగ్గించిన కొద్దీ, మలుపులేమీ లేకుండా సూటిగా ఎగురుతున్నప్పుడు కూడా ఒక పక్కకు వాలడం మొదలైతే గైరో బయాస్ హద్దు చేరినట్టే. ఇక వేగం చెప్పే జీపీఎస్‌ను జోడించడమో, మరింత స్థిరమైన గైరోకు మారడమో మాత్రమే మిగులుతుంది.